పటాకాల డబ్బా

ట్రాఫిక్, ఖరగ్‌పూర్
నవంబరు 12

వినీలకు మామ్మ దీవెనలు.

నీ కొత్త ఉద్యోగం గురించి ఫోనులో నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు. బడిలో పాఠం చెప్పినన్నాళ్లూ అర్థం కాకపోతే తప్పు వినేవాళ్లదే అనేదాన్ని. రిటైరయ్యాక చెప్పేవాళ్లది అంటున్నాను. కాబట్టి మళ్లీ చెప్పు, ఈసారి కాగితం మీద. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు, నేను "వింటున్నావా" అంటాను, నువ్వు మళ్లీ "ఊఁ" అంటావు. కాగితం ముందు కూర్చుంటే అబద్ధం ఆడేవాళ్లు కూడా కాస్త ఆలోచించి ఆడతారు.

ఆటలు ఆడేవాళ్ల అభిప్రాయాలు చదివినందుకు జీతమిస్తారా? మా కాలంలో ఆడి వచ్చినవాణ్ని అభిప్రాయం అడిగినవాళ్లు లేరు. "మోకాలు కడుక్కుని అన్నానికి రా" అనేవాళ్లు.

సంగతేమిటంటే, మన ట్రాఫిక్ రైల్వే కాలనీలో పక్క క్వార్టరు టోని మీ కంపెనీ ఆటే ఆడుతున్నాడట. వాడిప్పుడు అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీ దిగి వస్తాడు, అన్నం తింటాడు, తుపాకీ పట్టుకుంటాడు. ఆ మోతకు మా ఇంట్లో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. మోత మొదలవగానే మీ నాన్న టోటో రిక్షా తాళం తీసుకుని బయటికి పోతున్నాడు, సవారీ ఉన్నా లేకపోయినా. పోలీసు బలగం వదిలి పదిహేనేళ్లయినా మా సిరిల్‌కు ఆ చప్పుడు సరిపడదు. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

అదేం ఆటరా అని టోనిని అడిగాను. "సీకటి గేమ్ టీచరమ్మా. ఆడితే మనసు బాగోదు," అన్నాడు. మరెందుకు ఆడతావంటే, "బావుంటది" అన్నాడు. వీడు తోలే బండి జనం ఎక్కుతున్నారు.

అందులో నీ చెయ్యి ఎంతవరకు ఉందో దాచకుండా రాయి.

సూసన్న


బెంగళూరు
నవంబరు 29

మామ్మా,

నువ్వన్నట్టే కాగితం మీద రాస్తున్నాను. పోస్టాఫీసు ఎక్కడుందో మా ఆఫీసులో ఒక్కళ్లకీ తెలీదు. టీ కొట్టు ఆవిడ చెప్పింది.

ఆట పేరు 'గ్రే మార్నింగ్'. నువ్వు దాన్ని "బూడిద తెల్లవారుజాము" అంటావని నాకు తెలుసు. మామూలు తుపాకీ ఆటల్లో ఎదుటివాడు చెడ్డవాడు, కాల్చినకొద్దీ మనం గొప్పవాళ్లం. ఇందులో అలా కాదు. ఆడేవాడు పేరులేని దేశంలో ఒక సిపాయి. ఆర్డరు వస్తుంది, చేస్తాడు. చేశాక, తను ఏం చేశాడో దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు. చాలామంది మధ్యలో ఆపేస్తారు. ఆపేసినవాళ్లు కూడా మర్చిపోరు. యుద్ధం మీద అసహ్యం పుట్టించే ఆట మామ్మా ఇది. నువ్వు అనుకుంటున్నలాంటిది కాదు.

నా పని: తెలుగు, హిందీ, బెంగాలీల్లో వచ్చే అభిప్రాయాలు చదివి, పైవాళ్లకు ఇంగ్లీషులో చెప్పడం. ఖరగ్‌పూర్‌లో పుట్టినందుకు మొదటిసారి జీతం వస్తోంది. నమూనాకు ఆరు రాసి పంపుతున్నాను.

"ఆడుతున్నంతసేపూ బాగుంది. అయిపోయాక స్నానం చేయాలనిపించింది."

"డబ్బిచ్చి కొన్నాను. నన్ను హంతకుడు అనడానికి ఈ ఆట ఎవరు?"

"మంచు అచ్చం నిజం మంచులా ఉంది. కథ వచ్చిన చోటల్లా దాటేశాను. సూపర్."

"మా బావ సైన్యంలో ఉన్నాడు. ఇలాంటివి జవాన్లకు అవమానం. నిషేధించాలి."

"నాన్న సైన్యంలో చేసి వచ్చాడు. నా పక్కన కూర్చుని కాసేపు చూశాడు. లేచి వెళ్లిపోయాడు. ఇది మంచి ఆటో చెడ్డ ఆటో నాకు తెలీదు."

"ఆ లాంతరు మనిషిని మూడుసార్లు కాల్చాను, ఈసారైనా ఏదైనా మారుతుందేమోనని. మారదు."

నాన్నకు ఈ ఆట సంగతులేవీ చెప్పకు. ఊరికే కంగారు పడతారు.

వినీల


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
డిసెంబరు 17

వినీలకు,

నువ్వు పంపినవి దిద్దాను. అలవాటు పోదు కదా.

స్నానం చేయాలనిపించినవాడికి సగం మార్కులు. చేశాడో లేదో రాయలేదు. డబ్బిచ్చి కొన్నవాణ్ని ఏమీ అనకూడదట. గెలిస్తే వీడు గెలిచినట్టు, చంపితే ఆట చంపినట్టు. సున్నా. మంచు నచ్చినవాణ్ని ఈ నెలలో ఖరగ్‌పూర్ రమ్మను, ఇక్కడ ఊరికే ఇస్తున్నాం. బావ సైన్యంలో ఉన్నవాడు ఒక మాట బావను అడిగి రాయాల్సింది. తెలీదు అని రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు.

ఆరోది చదివి కలం కింద పెట్టేశాను. లాంతరు మనిషి ఎవరే?

నువ్వు చెప్పవని తెలిసి టోని ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. తెర నిండా మంచు. రెండు పట్టాలు, ఒక చిన్న హాల్టు స్టేషను. నేను గట్టు వెనక తుపాకీతో ఉన్నానట. మంచు వెనక ఎక్కడో గూడ్సు చప్పుడు వినపడింది. చక్రాల కింద ఢామ్, ఢామ్. చెవిలో ఒక ఆఫీసరు, "బాంబు. కాల్చు" అన్నాడు. మంచులో ఒకడు లాంతరు పట్టుకుని పట్టా మీదికి వంగి ఉన్నాడు.

నేను కాల్చలేదు.

"నొక్కండి టీచరమ్మా," అన్నాడు టోని.

"ఎందుకు?"

"నొక్కకపోతే ముందుకెల్లదు."

కూర్చున్నాను. ఆ మనిషి లాంతరు అటూ ఇటూ ఊపుతూనే ఉన్నాడు, గడియారం లోలకం లాగ. ఆఫీసరు అదే మాట అరుస్తూనే ఉన్నాడు. టోని వాళ్లమ్మ టీ ఇచ్చింది, తాగాను. ఆ గూడ్సు దగ్గరికి రాదు, మంచు విడదు. "ఎంతసేపు కూకున్నా అంతే టీచరమ్మా," అని వాడే నొక్కాడు. మనిషి పడిపోయాడు. దగ్గరికి వెళ్తే ఎర్ర జెండా, పచ్చ జెండా, నడుముకు తగిలించుకున్న రేకు డబ్బా. డబ్బా మూత ఊడి ఉంది.

"ఒరే, నువ్వు బండి తోలతావు కదా. మంచులో చక్రం కింద అలా పేలితే ఏమిటది?"

"పటాకా. సిగ్నల్ దగ్గరికొచ్చేసింది, సూసుకోమని."

"ఆ పటాకా పట్టా మీద పెట్టేవాడెవడు?"

వాడు తెర వంక చూశాడు. "ఫాగ్‌మేన్," అన్నాడు.

"నువ్వెన్నిసార్లు కాల్చావు?"

"గేమ్‌లో అది తోచలేదు టీచరమ్మా. గేమ్‌లో బాంబంటే బాంబే."

రోజూ ఆ మనిషి పెట్టిన పటాకా వల్లే ప్రాణాలతో ఇంటికొచ్చేవాడు, వచ్చి వాణ్నే కాలుస్తున్నాడు.

ఇప్పుడు నీ సంగతి. ఆ తెల్లవారుజామున నీకు తొమ్మిదేళ్లు. ఎంత విన్నావో, ఎంత ఊహించుకున్నావో తెలీదు కాబట్టి ఒక్కసారి రాస్తున్నాను, మళ్లీ రాయను. అడవి లైనులో పట్టాల కింద బాంబులు పెడుతున్న రోజులవి. ఒక హాల్టు దగ్గర మీ నాన్న పోలీసు దళం కాపలా ఉంది. మంచు. గూడ్సు కింద పటాకాలు పేలాయి. ఆర్డరు వచ్చింది. దళంలో రైల్వే ఇంట్లో పుట్టినవాడు సిరిల్ ఒక్కడే. వాళ్ల నాన్న, మీ తాత, ఇరవై చలికాలాలు పటాకాలు పెట్టినవాడే. ఆ చప్పుడు ఏమిటో వాడికి తెలిసి ఉండాలి. కాల్చాడు. పోయినవాడు నూకయ్య, మన ఊళ్లో నింపురా మనిషి.

విచారణలో మీ నాన్న ఏమన్నాడో నేను నా చెవులతో విన్నాను. "ఆర్డరు వచ్చింది. నేను ఆగి ఉండొచ్చు. ఆగలేదు." తన గురించి అంతే. తనకు వేరే దారి లేదని వాడు ఒక్కసారి కూడా అనలేదు. అననందుకే వాడికి ఇంకా అన్నం పెడుతున్నాను. నీ ఆటలో వేరే దారి లేదు. నొక్కకపోతే ముందుకెళ్లదు. మీ నాన్న చచ్చినా అనని మాటను లక్షమంది చేత అనిపిస్తున్నావు, పైగా వాళ్లను సిగ్గుపడమంటున్నావు.

ఆ ఘట్టం రాసింది నువ్వు కాదని రాయి చూద్దాం.

సూసన్న


బెంగళూరు
జనవరి 4

మామ్మా,

రాసింది నేనే.

అభిప్రాయాలు చదివే పనిలో చేరకముందు ఆ ఆటకు ఒక ఘట్టం కథ కావాలన్నారు. నా దగ్గర ఒకటే ఉంది, ఇచ్చాను. అందుకే ఈ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తెలిసిందిగా.

నువ్వు నన్ను తిట్టావు. తిట్టు. కానీ ఆ కథ నా దగ్గర ఎవరు దాచారో కూడా ఆలోచించు. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల "మీ నాన్న మనిషిని చంపాడంట కదా" అని అడిగితే ఏం చెప్పాలో నాకు ఎవరు చెప్పారు? ఇంటికొచ్చి అడిగితే నువ్వు ఎక్కం అప్పచెప్పమన్నావు. నాన్న టోటో తాళం తీసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన తాళమే తీసుకుంటున్నారు. అమ్మ పోయిన రోజు కూడా మన ముగ్గురం వర్షం గురించి మాట్లాడుకున్నాం.

నాన్నను హంతకుడన్న ప్రతివాణ్నీ ఒక్క నిమిషం ఆయన ఉన్న చోట నిలబెట్టాలనుకున్నాను. వేలు వాళ్లది కావాలి. తర్వాత ఆ డబ్బా వాళ్లే చూడాలి. దారి ఇస్తే అందరూ మంచి దారి పట్టి, మేమైతే కాల్చం అనుకుని హాయిగా పడుకుంటారు. అందుకే ఇవ్వలేదు. అది తెలిసి చేసిన పనే.

నువ్వు ఒక సాయంత్రం కూర్చుని మార్కులు వేశావు. నేను రోజుకు వందలు చదువుతున్నాను. ఏడ్చినవాళ్లున్నారు. ఫోను చేసి నాన్నతో మాట్లాడానని రాసినవాళ్లున్నారు. అవి నీకు పంపలేదు, నువ్వు నమ్మవని.

ఇంకొక మాట. ఆ ఘట్టం మీద ఫిర్యాదులు చాలా వస్తున్నాయి. మార్చబోతున్నారు. నీ కోరిక తీరినట్టే అనుకో.

వినీల


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
జనవరి 23

వినీలా,

దీవెనలు ఈసారి లేవు.

నిన్న టోని తనంతట తనే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "టీచరమ్మా, కొత్త అప్‌డేట్ వచ్చినాది. ఆ ఫాగ్‌మేన్ ఇప్పుడు బాంబులోడైపోనాడు," అన్నాడు. నమ్మక వెళ్లి చూశాను. అదే మంచు, అదే మనిషి. కాల్చాక దగ్గరికి వెళ్తే జెండాలు లేవు. డబ్బా ఉంది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "పేలుడు పదార్థాలు స్వాధీనం." తర్వాత ఆఫీసరు, "మంచి పని చేశావు, సిపాయీ" అన్నాడు.

తెర మీది ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి చదివాను వినీలా. అక్షరం పొల్లుపోకుండా. నూకయ్య పోయిన మర్నాడు ఆ దళం ఆఫీసరు పైకి పంపిన కాగితంలో ఉంది, విచారణప్పుడు దాని నకలు మన ఇంటికి వచ్చింది. అబద్ధం కూడా కాదు, చూడు ఎంత తెలివో. పటాకాలో ఉండేది మందే. పేలుతుంది. రైల్వే స్టోరు నుంచి సంతకం పెట్టి తెచ్చుకున్న డబ్బా పేలుడు పదార్థమైంది, డ్యూటీ చేస్తున్న మనిషి బాంబులు పెట్టేవాడయ్యాడు.

అతని భార్య జోగమ్మకు ఆ మాట ఏం చేసిందో నీకు తెలీదు, అప్పుడు నువ్వు ఎక్కాలు అప్పచెబుతున్నావు. వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకు జరిపేవాళ్లు. చావు భోజనానికి సొంత ఆడపడుచు రాలేదు. ఇల్లు ఖాళీ చేయమన్నారు. బాంబులోడి పెళ్లాం. మనిషి పోయినందుకు ఏడవడానికి కూడా ఆవిడకు తలుపు వేసుకోవాల్సి వచ్చింది. మీ నాన్న విచారణకు వెళ్లి, "అవి పటాకాలు. నాకు తెలుసు. నేను చంపింది డ్యూటీలో ఉన్న రైల్వే మనిషిని" అని చెప్పేవరకూ అంతే. ఆ ఒక్క మాటతో మీ నాన్న ఉద్యోగం పోయింది, ఆవిడ మొగుడి పేరు తిరిగొచ్చింది. మొగుడి బదులు ఆవిడకు రైల్వేలో ఉద్యోగం కూడా ఆ తర్వాతే. ఇప్పటికీ ఆవిడ గోల్‌బజార్‌లో నేను ఎదురొస్తే కూరగాయల వైపు తిరుగుతుంది. తిరగనీ. ఆవిడ హక్కు.

ఇప్పుడు ఎవడో ముఖం తెలీని కుర్రాళ్లు, డబ్బిచ్చి కొన్న ఆటలో తమ మనసు నొచ్చుకుందని ఫిర్యాదు చేశారు. వాళ్ల మనసు కుదుటపడాలి కాబట్టి నూకయ్య మళ్లీ బాంబులోడయ్యాడు. చచ్చినవాణ్ని మళ్లీ చంపడం అంటే ఏదో వేదాంతం అనుకునేదాన్ని. మీ కంపెనీ దాన్ని అప్‌డేట్ అంటుందట.

సిరిల్‌కు నేనే చెప్పాను. నువ్వు వద్దన్నావు కాబట్టి చెప్పాను. ఆటలో తను ఉన్నాడంటే అన్నం కలుపుతూనే ఉన్నాడు. నూకయ్యను ఏం చేశారో చెప్పాక, అన్నం పళ్లెం పక్కకు నెట్టి, "ఆవిడకు తెలిసిందా?" అన్నాడు. అదొక్కటే అడిగాడు.

ఆ మూడు ముక్కలు తెర మీద పెట్టిన చెయ్యి ఎవరిది? కాగితం మీద చెప్పు.

సూసన్న


బెంగళూరు
ఫిబ్రవరి 2

మామ్మా,

ఆ చెయ్యి నాదే.

మీటింగులో రెండే దారులు పెట్టారు. ఘట్టం మొత్తం తీసేయడం, లేదా ఆ మనిషి దగ్గర ఏదో ఒకటి దొరికేలా చేయడం. తీసేస్తే నాన్న అసలు లేనట్టే. ఉంచితే కనీసం మంచు ఉంటుంది, లాంతరు ఉంటుంది అనుకున్నాను. ఏం దొరకాలి అని అడిగారు. అప్పుడు నా నోటికి ఆ మాట వచ్చింది. చిన్నప్పుడు మన ఇంటి వరండాలో ఎవరో పెద్దగా చదివారు. ఎందుకు గుర్తుందో తెలీదు. అందరికీ నచ్చింది. "చాలా నిజంగా ఉంది" అన్నారు.

జోగమ్మ సంగతి నాకు తెలీదు. తెలిసినా ఏం చేసేదాన్నో రాయలేను, నువ్వు అబద్ధం పట్టేస్తావు. ఆవిడ ఇలాంటి ఆట చూస్తుందా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అదీ నిజమే.

అప్‌డేట్ వచ్చాక అభిప్రాయాలు బాగా పెరిగాయి. "ఇప్పుడు న్యాయంగా ఉంది", "ఇప్పుడు మనసుకు హాయిగా ఉంది" అని. పైవాళ్లు కేకు కోశారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. తిన్నాను.

ఏం చెయ్యమంటావు? తిట్టకుండా చెప్పు. లేకపోతే తిట్టి చెప్పు.

వినీల


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 16

వినీలా,

ఇంకొకళ్ల నోట వినేకన్నా నా నోట వినడం నయమని జోగమ్మ ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో మొదటిసారి. మీ నాన్న టోటోలో నింపురా మలుపు వరకు దింపాడు, ఆ పైన రాలేదు. ఆవిడ తలుపు తీసి నన్ను చూసి, లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. మా మనవరాలు చేసిన పని అని కూడా చెప్పాను. నీ పేరు తగ్గించి చెప్పలేదు.

"ఏటి, మా ఆయన్ని మళ్లీ బాంబులోడు సేసినారా?" అంది.

"అవును."

"మీ ఇంటోళ్లకి ఆయనొక్కడే దొరికినాడా?"

దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపు, తీసుకెళ్లి ఇస్తాను.

చూపించమంది. మర్నాడు డ్యూటీ దిగి అదే చీరతో టోని ఇంటికి వచ్చింది. టోని కుర్చీ తుడిచాడు, రెండుసార్లు. ఆవిడ కూర్చుని మంచు చూసింది, లాంతరు చూసింది. "ఇది పట్టుకునే తీరేటి? ఎడం సేత్తో కదా పట్టుకుంటాడు," అంది. ఆఫీసరు అరవడం మొదలుపెట్టాడు. "ఈడి నోరు ముయ్యించు బాబూ," అంది. టోని సౌండు తీసేశాడు. ఆవిడ బొత్తాం జోలికి పోలేదు. ఊరికే కూర్చుంది. చాలాసేపయ్యాక, "బండి ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

"రాదమ్మా," అన్నాడు టోని. "కాలిస్తేనే ముందుకెల్తాది."

"అదేటి. బండి రాకపోతే ఆయన పటాకా ఎందుకు ఎట్టినాడు?"

ఇంత చదివిన నేను ఆ ప్రశ్న వేయలేదు, ఇంత రాసిన నువ్వూ వేసుకోలేదు. మనిద్దరం మీ నాన్న గురించి కొట్టుకుంటున్నాం. ఆ మనిషి ఆ చలిలో అక్కడికి ఎందుకు వచ్చాడో, ఏ బండి కోసం వచ్చాడో మనకు పట్టలేదు.

ఆడినవాళ్లెవరైనా అభిప్రాయం రాయొచ్చు కదా అని టోనిని అడిగింది. వాడు తన పేరు మీదే రాస్తానన్నాడు. "నీ పేరేటి, నా పేరెట్టు," అంది. ఆవిడ చెప్పింది, వాడు కొట్టాడు. నేను భాష దిద్దబోతే నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఈపాటికి నీ బల్ల మీదికి వచ్చి ఉంటుంది. రాకపోతే ఇదిగో:

"నా పేరు జోగమ్మ. ఆటలో మీరు సంపింది మా ఆయన్ని. పేరు నూకయ్య. అవి బాంబులు కావు, పటాకాలు. డబ్బా రైల్వేది. బొమ్మలో ఆయన్ని తీసీమని అడగను. తీస్తే ఆయన పన్లోకి రానట్టే అవుద్ది. ఆయన ఒచ్చినాడు. కాసేపు ఆగితే బండి ఎల్లిపోద్ది. బండి ఎల్లిపోతే మంచు ఇడిపోద్ది. మంచు ఇడిపోతే ఆయన ఇంటికొచ్చేస్తాడు. మీరు ఆగండి సాలు. నానేటి ఎక్కువడిగినాను?"

తిట్టి చెప్పమన్నావు కదా. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. అభిప్రాయాలు చదవడమే కదా నీ ఉద్యోగం. చదువు.

సూసన్న


బెంగళూరు
మార్చి 11

మామ్మా,

చదివాను. పైవాళ్లకు ఇంగ్లీషులో చెప్పాను. ఒకాయన "చాలా కదిలించింది" అని, తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. కోర్టు గొడవలు వస్తాయేమో కనుక్కోమన్నాడు ఇంకొకాయన. పదివేల మెచ్చుకోళ్ల పక్కన అది ఒక్క అభిప్రాయం. అభిప్రాయాలను వీళ్లు లెక్కపెడతారు, అంతే.

కానీ లోపాలను సరిచేస్తారు. తలుపు తెరుచుకోకపోయినా, మనిషి గోడలోంచి నడిచిపోయినా అది లోపం. లోపమని నమోదైతే దానికి మీటింగు ఉండదు. ఎవరో ఒక ప్రోగ్రామరు తీసుకుని సరిచేసి తీరాలి. నేను జోగమ్మగారి మాటలను లోపాల కింద నమోదు చేశాను. "ఆడేవాడు కాల్చకుండా ఆగితే బండి రావడం లేదు. మంచు విడిపోవడం లేదు. లాంతరు మనిషి ఇంటికి వెళ్లడం లేదు." రెండోది: "డబ్బాలో ఉన్నవాటి పేరు తప్పు." మూడోది: "లాంతరు ఎడమ చేతిలో ఉండాలి." కింద నా పూర్తి పేరు పెట్టాను.

అది హరిబాబు అనే ప్రోగ్రామరుకు వెళ్లింది. విశాఖ అతను. ఇది నిజంగా లోపమేనా అని అడుగుతాడేమోనని జవాబులు సిద్ధం చేసుకున్నాను. అతను ఒక్కటే అడిగాడు. "ఇల్లు ఏ పక్కన?" తూర్పు అని చెప్పాను.

పోయిన వారం ఆ మార్పు ఆడేవాళ్లకు వెళ్లింది. మొన్న పైవాళ్లు పిలిచారు. అభిప్రాయాన్ని లోపమని ఎందుకు రాశావంటే, లోపమే కాబట్టి అన్నాను. ఈ నెలాఖరు వరకే రమ్మన్నారు. ఘట్టాన్ని మాత్రం వెనక్కి తిప్పలేదు. తిప్పితే మళ్లీ పరీక్షించాలి, ఖర్చు.

పోయే ముందు నా పని నేను చేస్తున్నాను. నిన్న వచ్చిన అభిప్రాయం ఇది. ఎవరో కుర్రాడు, ఊరు రాయలేదు.

"కాల్చబుద్ధి కాలేదు. పావుగంట ఊరికే కూర్చున్నాను. గూడ్సు వెళ్లిపోయింది. లాంతరాయన డబ్బా సర్దుకుని, జెండాలు చంకలో పెట్టుకుని నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. ఇంకేమీ జరగలేదు. బోరు."

ఇది జోగమ్మగారికి చదివి వినిపిస్తావా? నాన్న గురించి అడగడం లేదు. అడిగే హక్కు ఉందో లేదో తేల్చుకున్నాక అడుగుతాను.

వినీల


ట్రాఫిక్, ఖరగ్‌పూర్
మార్చి 24

వినీలకు,

ఉద్యోగం పోతే రా. ఇంట్లో అన్నం ఉంది. కోపం కూడా ఉంది, రెండూ తినాలి. మనుషులను ఆటబొమ్మలు చేసిన చేత్తోనే మళ్లీ ఒక మనిషిని ఇంటికి నడిపించావు కాబట్టి లెక్క సరిపోయిందనుకోకు. సరిపోదు. క్షమించమని నువ్వు అడగలేదు, క్షమించానని నేనూ చెప్పడం లేదు.

జోగమ్మ నిన్న సాయంత్రం వచ్చింది. పిలవలేదు. టోని చెప్పాడట, బండి వస్తోందని. టోని ఇంట్లో చూసి, మా వరండా మీదికి వచ్చి నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మీ నాన్న ముందర టోటో తుడుస్తున్నాడు. లోపలికి వెళ్లిపోదామని లేచాడు గానీ, ఆవిడను దాటి వెళ్లాలి, అందుకని అక్కడే ఉండిపోయాడు.

నీ ఉత్తరంలోని ఆ అభిప్రాయం చదివాను. ఆఖరి మాట దాకా చదివాను, తగ్గించలేదు.

"ఎంతసేపు ఆగినాడన్నారు?" అంది.

"పావుగంట."

"ఎవులాడు?"

"తెలీదు. పేరు రాయలేదు. కుర్రాడట."

"ఆడికేటి అవసరం? ఆడి మావా, ఆడి తండ్రా. మంచులో ఎవుడో ముక్కూ మొకం తెలీనోడు." నాతోనే మాట్లాడుతోంది గానీ చూపు నా మీద లేదు. "అయినా ఆగినాడు. ఆగొచ్చన్నమాట."

సిరిల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఆవిడ సంచీ సర్దుకుని మెట్లు దిగి, టోటో పక్కనుంచే, వాడికి తగిలీ తగలనట్టు నడిచి వెళ్లింది. మలుపు తిరిగేవరకూ వాడు అలాగే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత తాళం తీసుకోలేదు. ఇంట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "అమ్మా, ఆ రోజు ఏం జరిగిందో వినీలకు నేనే చెబుతాను. రమ్మను," అన్నాడు.

సూసన్న